జర్మనీలోని ఫ్యూసెన్ చుట్టూ కోటలు: పెద్దవాళ్లతో, చిన్నపాపతో రెండు రోజుల ప్లాన్. తప్పులుంటే చెప్పండి

గోదారిగట్టు
జూన్ మూడో వారం. పెద్దవాళ్లిద్దరు (అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు ఎక్కుడు ఎక్కితే ఆయాసం), మేమిద్దరం, నాలుగేళ్ల పాప. కారు లేదు, బస మ్యూనిక్‌లో. మొదటి రోజు మంగళవారం. నోయ్‌ష్వాన్‌స్టైన్, హోహెన్‌ష్వాంగౌ రెండూ చూడాలని. రెండో రోజుకు ఇంకా ఏమీ అనుకోలేదు.

నేను వేసుకున్న లెక్క ఇది. బవేరియా టికెట్ (మ్యూనిక్ ఉన్న రాష్ట్రమంతా ఒక రోజు లోకల్ రైళ్లలో తిరిగే టికెట్) మీద 7 గంటల ప్రాంతంలో రైలు. 9:30కల్లా హోహెన్‌ష్వాంగౌ ఊళ్లో. 10:30కి నోయ్‌ష్వాన్‌స్టైన్ లోపలికి. 11:30కి హోహెన్‌ష్వాంగౌ కోట. భోజనం అయ్యాక మారియెన్‌బ్రూకె వంతెన మీద ఫొటోలు. టికెట్లు ఇంకా కొనలేదు. కొనకముందే తప్పులు పట్టండి.

రైలుబండి
మొదటి అడుగులోనే తప్పుంది. బవేరియా టికెట్ మామూలు రోజుల్లో ఉదయం 9 గంటల నుంచే చెల్లుతుంది. శని, ఆది, పండగ సెలవుల్లో మాత్రం అర్ధరాత్రి 12 నుంచి. ఏ రోజైనా మర్నాడు తెల్లవారుజాము 3 వరకు పనికొస్తుంది. మంగళవారం 7 గంటల రైల్లో ఆ టికెట్ చూపిస్తే టికెట్ లేనట్టే లెక్క. జరిమానా 60 యూరోలు, మనిషికి.

మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కు సుమారు రెండు గంటలు. కొన్ని రైళ్లు నేరుగా వెళ్తాయి, కొన్నిటికి బూఖ్‌లోలోనో కౌఫ్‌బోయరెన్‌లోనో మారాలి. పెద్దవాళ్లున్నారు కాబట్టి నేరుగా వెళ్లేదే చూసుకోండి. మారేచోట మొదటి బండి ఐదు నిమిషాలు ఆలస్యమైతే రెండోది వెళ్లిపోతుంది, ఇంకో గంట ప్లాట్‌ఫాం మీదే.

9 తర్వాత బయల్దేరితే ఫ్యూసెన్ చేరేసరికి మధ్యాహ్నం 12 అవుతుంది. స్టేషన్ బయటే బస్టాండు. అక్కడి నుంచి 73 లేదా 78 నంబరు బస్సు, పది నిమిషాల లోపు ప్రయాణం. ఆ లెక్కన నోయ్‌ష్వాన్‌స్టైన్ టికెట్ 2:30కి ముందు తీసుకోకండి.

పొద్దున్నే వెళ్లాలంటే రెండు దారులు. ఒకటి డాయిచ్‌లాండ్ టికెట్, దేశమంతా లోకల్ రైళ్లకు, బస్సులకు నెలవారీ పాసు. దీనికి 9 గంటల నిబంధన లేదు, ఆ ఊరి బస్సులోనూ చెల్లుతుంది. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఒకరి పేరున తీసుకున్నది ఇంకొకరు వాడకూడదు. ఇది చందా లాంటిది, నెలలో 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెలకూ డబ్బు పోతుంది. పెద్దవాళ్లు నెల రోజులుంటే ఇదే లాభం. రెండోది, 8 తర్వాత బయల్దేరే రైలైతే, 9 దాటాక ఆ రైలు ఆగే మొదటి స్టేషన్ దాకా మామూలు టికెట్ విడిగా కొని, అక్కడి నుంచి బవేరియా టికెట్ వాడటం. నిబంధనలకు విరుద్ధమేమీ కాదు. రెండు టికెట్లూ చేతిలో ఉండాలి.

ఇంకోటి: బవేరియా టికెట్ మీద ప్రయాణించేవాళ్ల పేర్లు రాయాలి. ఖాళీగా వదిలేస్తే చెల్లదంటారు. ఆరేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు కాబట్టి మీది నలుగురి లెక్క.

మెట్లదారి
రైలు సంగతి పక్కన పెడితే, వరస కూడా తలకిందులుగా ఉంది.

టికెట్ మీద గంట, నిమిషం ఉంటాయి. ఆ సమయానికి కోట ముంగిట్లో బోర్డు మీద మీ టూర్ నంబరు పడుతుంది, ఆ కొద్ది నిమిషాలే గేటు మీకు తెరుచుకుంటుంది. తప్పితే టికెట్ పోయినట్టే, డబ్బు వెనక్కి రాదు. ఆ సమయానికి ఉండాల్సింది కింద ఊళ్లో కాదు, పైన గేటు ముందు. చాలామంది పొరబడేది ఇక్కడే.

10:30 నుంచి 11:30 లోపల రెండు కోటలు కుదరవు. నోయ్‌ష్వాన్‌స్టైన్ లోపల టూరే 30–35 నిమిషాలు. తర్వాత వంటశాల, దుకాణం మీదుగా బయటికి రావాలి, కిందికి దిగడానికి అరగంట, మళ్లీ హోహెన్‌ష్వాంగౌ గుట్ట ఎక్కడానికి 15–20 నిమిషాలు. రెండు టికెట్ల మధ్య కనీసం రెండున్నర గంటలు ఉంచండి. ముందు హోహెన్‌ష్వాంగౌ చూడండి, అది కిందే ఉంది. తర్వాత పైది.

వంతెన మధ్యాహ్నానికి కాదు, నోయ్‌ష్వాన్‌స్టైన్‌కు ముందే. కారణం: ఊళ్లోంచి పైకి వెళ్లే బస్సు మిమ్మల్ని దించేదే వంతెన దగ్గర. అక్కడి నుంచి కోటకు 15 నిమిషాల దిగుడు. కోట చూసి మళ్లీ వంతెనకు రావాలంటే అదే దిగుడు ఎక్కుడవుతుంది.

కాచిగూడ_కాలినడక
అన్నా, మెట్లదారి అన్న చెప్పింది కరెక్టే. గా వంతెన కాడికి ముందు పోవాలె. ఇంకో ముచ్చట: ఎండాకాలంల వంతెన మీద గూడ లైను ఉంటది. ఒక్కసారి ఇంతమందినే అని ఆపుతరు. 20 నిమిషాలు గాని అరగంట గాని గాడ పోతది. అది లెక్కల పెట్టుకోకపోతే కోట టైం తప్పుతది.

వంతెన మీద కింద చెక్కపలకలు. జనం నడుస్తుంటే జర ఊగినట్టు ఉంటది, సందులకెళ్లి కింద లోయ కనబడతది. పొల్లాట్ లోయ, సుమారు 90 మీటర్ల లోతు. ఎత్తంటే భయం ఉన్నోళ్లు మధ్యకు పోకున్నా పర్వాలేదు, మొదట్ల నిలబడినా కోట కనబడతది. పాపను చంకనెత్తుకోవద్దు, చెయ్యి పట్టుకొని నడిపించుండ్రి. ఫోనుకు తాడు ఉంటే మంచిది.

వంతెన దాటినంక కంచె అవతలికి ఒక బాట కనబడతది, పోరగాళ్లు ఫొటోల కోసం ఎక్కుతుంటరు. గది బాట కాదు, రాళ్లు జారుతయి. అటు పోవద్దు.

నడుంనొప్పి_నిపుణుడు
మోకాళ్లు, ఆయాసం రెండూ ఉన్నాయి కాబట్టి పైకి వెళ్లే దారుల గురించి కొంచెం వివరంగా. అందరూ "బస్సెక్కండి" అనేస్తారు, అది అందరికీ సరిపడే సలహా కాదు.

నడక: టికెట్ సెంటర్ నుంచి కోట దాకా తారు రోడ్డు, సుమారు కిలోమీటరున్నర, ఆగకుండా ఎక్కుడే. మామూలు మనిషికి 30–40 నిమిషాలు.

బస్సు: పి4 పార్కింగ్ దగ్గర ఎక్కాలి. పైన దిగాక వంతెనకు రెండు మూడు నిమిషాలు, కోటకు 15 నిమిషాల దిగుడు. ఈ దిగుడు బాగా ఏటవాలు. ఆయాసం ఉన్నవాళ్లకు హాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం నరకం. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే బరువు కదా.

గుర్రబ్బండి: హోటల్ ముల్లర్ ముందు నుంచి బయల్దేరుతుంది. ముందస్తు బుకింగ్ లేదు, నిండితే కదులుతుంది, నోట్లూ చిల్లరా దగ్గర ఉంచుకోండి. కోట దాకా వెళ్లదు. కొంచెం కిందే దించేస్తుంది, అక్కడి నుంచి 10–15 నిమిషాలు ఎక్కాలి. మోకాళ్లకు ఇది నయం, ఆయాసానికి కాదు.

అంటే మీ ఇంట్లో ఇద్దరికీ రెండు వేర్వేరు దారులు! నాన్నగారు మీతో బస్సులో, అమ్మగారు ఇంకొకరితో గుర్రబ్బండిలో వెళ్లి కోట కింది ముంగిట్లో కలుసుకోవచ్చు. ఆ ముంగిట్లోకి టికెట్ అక్కర్లేదు.

రానుపోను బస్సు టికెట్ కొనకండి. తిరుగు బస్సు కూడా వంతెన దగ్గరే ఎక్కాలి, అంటే కోట నుంచి ఆ ఏటవాలు మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు గుర్రబ్బండి, లేదా నింపాదిగా తారు రోడ్డు.

అసలు ప్రశ్న ఇంకోటుంది. అమ్మగారు లోపలికి వెళ్లాలా? లోపల ఎక్కే దిగే మెట్లు కలిపి మూడొందల పైనే, కొన్ని గుండ్రంగా తిరిగేవి. టూరు మధ్యలో కూర్చోనివ్వరు, వెనక్కి తిరగనివ్వరు, ఇంకో గుంపు వెనకే వస్తుంటుంది. నన్నడిగితే ముంగిట్లో కూర్చోబెట్టి, రెండో రోజు లిండర్‌హోఫ్ అనే చిన్న మహలుకు తీసుకెళ్లండి. వీల్‌చైర్ కావాలంటే టికెట్ కొనకముందే టికెట్ సెంటర్‌ను అడగాలి, అప్పటికప్పుడు కుదరదు.

చంటిపిల్లల_సంచి
పాప విషయం. తోపుడు బండి నోయ్‌ష్వాన్‌స్టైన్ లోపలికి రానివ్వరు. వీపున పెద్ద సంచీలు, పిల్లల్ని మోసే లోహపు ఫ్రేము సంచీలు కూడా వద్దంటారు. లాకర్లున్నాయి కానీ తోపుడు బండి పట్టదు. నాలుగేళ్లు కదా, బండి మ్యూనిక్‌లోనే వదిలేయండి. ఆ ఎక్కుడులో తోయడం కంటే ఎత్తుకోవడమే సులువు.

18 ఏళ్ల లోపు పిల్లలకు నోయ్‌ష్వాన్‌స్టైన్‌లో ప్రవేశం ఉచితం, అయినా వాళ్ల పేరున కూడా టికెట్ బుక్ చేయాలి. పెద్దలతో పాటు పాపను లెక్కలో వేయడం మరిచిపోతే గేటు దగ్గర తంటా.

అడుగుబడ్డ_ఆది
అదే రోజు పొద్దున్నే కౌంటర్‌లో దొరుకుతాయి కదా టికెట్లు? ముందే కొనడం దేనికి?

మెట్లదారి
@అడుగుబడ్డ_ఆది, కొన్ని ఉంచుతారు. వేసవిలో పొద్దున్నే అయిపోతాయి, మిగిలినవి సాయంత్రం స్లాట్లు. మ్యూనిక్ నుంచి రెండున్నర గంటలు ప్రయాణం చేసి వచ్చేవాళ్లు దాన్ని నమ్ముకోకూడదు. జూన్‌కైతే కొన్ని వారాల ముందే తీసుకోండి. ముఖ్యంగా ఇంగ్లీషు టూరు కావాలనుకునేవాళ్లు. ఆడియో గైడు చాలా భాషల్లో ఉంది, తెలుగు లేదు.

రాతిగోడ
లోపల దేన్ని చూడాలో ముందే తెలుసుకుని వెళ్లండి. అరగంటలో తోసుకుంటూ తీసుకెళ్లిపోతారు, ఫొటోలు తీయనివ్వరు, కళ్లతోనే చూసుకోవాలి.

సింహాసనపు గది: అందులో సింహాసనం లేదు. దాని కోసం కట్టిన చలువరాతి మెట్లు, పైన బంగారు రంగు గోడ ఉన్నాయి. దీన్ని కట్టించిన బవేరియా రాజు రెండో లుడ్విగ్ చనిపోవడంతో సింహాసనం చేయించనేలేదు. అక్కడ వేలాడే దీపాల గుత్తి కిరీటం ఆకారంలో ఉంటుంది, సుమారు 900 కిలోలు, 96 కొవ్వొత్తులు. వెలిగించడానికి పైనుంచి మరతో కిందికి దించేవాళ్లు. కింద నేల మీద జంతువులు, మొక్కల బొమ్మలు చిన్న చిన్న రాతిముక్కలతో పేర్చారు. అందరూ తలెత్తి చూస్తారు, మీరు తలదించి కూడా చూడండి.

పడకగది: మంచం మీది చెక్కపని చర్చి గోపురాల్లా ఉంటుంది. 14 మంది చెక్కేవాళ్లకు నాలుగేళ్లకు పైగా పట్టింది.

వంటశాల: టూరు అయిపోయాక దారిలో వస్తుంది, చాలామంది ఆగకుండా వెళ్లిపోతారు. ఆగండి. మాంసం కాల్చే పెద్ద ఊచ దానంతటదే తిరిగేలా పెట్టారు. పొగగొట్టంలో ఒక చక్రం ఉంటుంది. పొయ్యి వేడిగాలి పైకి లేస్తే ఆ చక్రం తిరుగుతుంది, దాంతో ఊచ తిరుగుతుంది. మంట పెరిగితే ఊచ వేగం పెరుగుతుంది, కాబట్టి మాడదు. మనిషి పక్కన నిలబడి తిప్పక్కర్లేదు. ఆ ఇంట్లో వేడిగాలితో గదులు వెచ్చబెట్టే ఏర్పాటు, నీళ్ల కుళాయిలు, ఫ్లష్ లెట్రిన్లు, టెలిఫోను కూడా ఉండేవి.

గోదారిగట్టు
మధ్యయుగం నాటి కోటలో టెలిఫోనా?

రాతిగోడ
మధ్యయుగం కాదండీ, ఆ వేషం మాత్రమే. పునాదిరాయి వేసింది 1869 సెప్టెంబర్ 5న. మొదటి బొమ్మ గీసింది ఆర్కిటెక్ట్ కాదు, నాటకాలకు తెరలు వేసే క్రిస్టియన్ యాంక్. దాన్ని కట్టడానికి పనికొచ్చేలా మార్చింది ఎడ్వార్డ్ రీడెల్. లోపల ఇటుక, బయట తెల్లరాయి తొడుగు. శత్రువు వస్తాడని కట్టింది కాదు. అప్పటికి ఫిరంగులు ఎంత ముదిరాయంటే అలాంటి గోడ ఒక పూట నిలవదు.

దీన్ని మన గోల్కొండతోనో గండికోటతోనో పోలిస్తే అర్థం కాదు. పోల్చాలంటే ఫలక్‌నుమాతో పోల్చాలి. ఫలక్‌నుమాకు పునాది పడింది 1884లో, రెండో లుడ్విగ్ నోయ్‌ష్వాన్‌స్టైన్‌లో కాపురం పెట్టింది కూడా 1884లోనే. రెండూ కట్టినవాళ్లను అప్పుల్లోకి దింపినవే. ఫలక్‌నుమా కట్టిన వికారుల్ ఉమ్రా చివరికి దాన్ని నిజాంకు అప్పజెప్పాడు. లుడ్విగ్‌నైతే 1886 జూన్‌లో మతిస్థిమితం లేదని గద్దె దించి ఇక్కడి నుంచే తీసుకెళ్లారు. 13వ తేదీన స్టార్న్‌బెర్గ్ చెరువులో అతనూ, అతని డాక్టరూ శవాలై తేలారు. సరిగ్గా ఏడు వారాలకు, ఆగస్టు 1న, ఇంటిని టికెట్ పెట్టి జనానికి తెరిచారు. కట్టాల్సిన గదుల్లో చాలా భాగం ఇవాళ్టికీ ఖాళీ గోడలే.

దుర్గం_దారి
@రాతిగోడ చెప్పినదానికి కొనసాగింపు. జర్మన్‌లో రెండు మాటలున్నాయి. బుర్గ్ అంటే మన దుర్గం: కాపలా, గోడ, బాణాలు వదిలే కంతలు. ష్లోస్ అంటే మహలు, కొన్నిచోట్ల మన గడీ లాంటిది. నోయ్‌ష్వాన్‌స్టైన్, లిండర్‌హోఫ్ ష్లోస్‌లు. హోహెన్‌ష్వాంగౌ కూడా ష్లోసే. పాత దుర్గం మొండిగోడల మీద లుడ్విగ్ తండ్రి రెండో మాక్సిమిలియన్ 1833 నుంచి 1837 దాకా కట్టించుకున్న వేసవి ఇల్లు.

నిజమైన దుర్గాలు చూడాలంటే అదే చుట్టుపక్కల ఉన్నాయి, టికెట్ కూడా లేదు. ఫ్యూసెన్‌కు పడమరగా ఫ్రాంటెన్ దగ్గర ఐజెన్‌బెర్గ్, హోహెన్‌ఫ్రైబెర్గ్ అని పక్కపక్క గుట్టల మీద జంట శిథిలాలు. త్సెల్ ఊరి పార్కింగ్ నుంచి అరగంట, ముప్పావుగంట అడవి దారి. హోహెన్‌ఫ్రైబెర్గ్‌ను 1418–1432 మధ్య కట్టారు. అప్పటికే గుట్టల మీద దుర్గాలు కట్టే కాలం చెల్లిపోతోంది, అయినా పాత పద్ధతిలోనే కట్టుకున్నారు. 1646లో, ముప్పై ఏళ్ల యుద్ధం చివర్లో, స్వీడన్ సైన్యం చేతికి చిక్కుతాయని పక్కనున్న టైరోల్ (ఇప్పటి ఆస్ట్రియా వైపు) వాళ్లే వీటిని తగలబెట్టించారు. ఫాల్కెన్‌స్టైన్‌కూ అదే గతి పట్టింది. ఇది తీరా చూస్తే వృథా పని, స్వీడన్ సైన్యం అటు రానేలేదు.

ఫాల్కెన్‌స్టైన్ శిథిలం సుమారు 1,270 మీటర్ల ఎత్తున ఉంది, జర్మనీలో అన్నిటికంటే ఎత్తైన దుర్గం. దాన్నీ లుడ్విగ్ కొన్నాడు, అక్కడ ఇంకో మహలు కట్టాలని బొమ్మలు గీయించాడు. రాయి పడకముందే పోయాడు.

కారు ఉన్నవాళ్లకు ఎరెన్‌బెర్గ్ కూడా చెప్తాను. ఫ్యూసెన్ నుంచి సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని రోయిట్టె దగ్గర, పదిహేను కిలోమీటర్లు. కింద దారి మీద సుంకం వసూలు చేసిన క్లౌజె, గుట్ట మీద దుర్గం, దానిపైన ఇంకో కోట, ఎదురు గుట్ట మీద ఫోర్ట్ క్లాడియా. నాలుగు కలిపితేనే దాని పని అర్థమవుతుంది: ఆల్ప్స్ దాటే ఉప్పు బండ్ల దారిని నొక్కిపెట్టడం. దుర్గం నుంచి ఫోర్ట్ క్లాడియాకు 2014లో వేలాడే వంతెన వేశారు, హైలైన్ 179. పొడవు 406 మీటర్లు, లోయకు 114 మీటర్ల ఎత్తు. కింద ఇనుప జాలీ, అడుగుల కిందే రోడ్డు కనిపిస్తుంది. గాలి గట్టిగా వీస్తే, ఉరిమితే మూసేస్తారు.

రైలుబండి
@దుర్గం_దారి, కారు వాళ్లకు ఒక మాట కలుపుతాను. ఎ7 సొరంగం దాటి బి179 మీద రోయిట్టెకు వెళ్తే ఆస్ట్రియా విన్యెట్ (మోటార్‌వే వాడటానికి కొనే స్టిక్కర్) అక్కర్లేదు, అది మోటార్‌వే కాదు. అద్దె కారైతే సరిహద్దు దాటడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. పాస్‌పోర్టు, నివాస కార్డు వెంట ఉండాలి. షెంగెన్ లోపలే అయినా దారిలో ఆపి చూస్తారు.

లిండర్‌హోఫ్_లోయ
రెండో రోజుకు లిండర్‌హోఫ్‌కు నా ఓటు. లుడ్విగ్ కట్టించిన మహళ్లలో చిన్నది, అతని కళ్ల ముందు పూర్తయింది ఇదొక్కటే, 1878లో. 2025 జూలైలో అతను కట్టించిన నోయ్‌ష్వాన్‌స్టైన్, లిండర్‌హోఫ్, షాఖెన్, హెరెన్‌కీమ్సే నాలుగూ కలిపి యునెస్కో జాబితాలో చేరాయి.

దారి: మ్యూనిక్ నుంచి ముర్నౌ, అక్కడ మారి ఓబెరామర్‌గౌ, స్టేషన్ నుంచి 9622 నంబరు బస్సు. బస్సులు తక్కువ. వెళ్లగానే తిరుగు బస్సు సమయాలు ఫొటో తీసుకోండి, చివరి బస్సు పోతే ఆ లోయలో టాక్సీ పిలవాలి. బస్సు దిగాక మహలుకు నడక చదునుగా, పది నిమిషాలు. అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

లోపల భోజనాల గదిలో బల్ల చూడండి. నేలలో పలక తెరుచుకుని బల్ల కిందికి, వంటింట్లోకి దిగుతుంది. అక్కడ వడ్డించి పైకి పంపేవాళ్లు. రాజుకు నౌకర్ల మొహాలు చూడటం ఇష్టం లేక చేసిన ఏర్పాటు.

బయట ఫౌంటెన్ ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా అరగంటకోసారి వదులుతారు. నీళ్లు 20 మీటర్ల పైకి లేస్తాయి. పంపు లేదు, వెనక కొండ మీది నీటి ఒత్తిడే.

వీనస్ గుహ: పైన పార్కులో ఉంది, పదేళ్ల దాకా మరమ్మతులు చేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. ఇది నిజం గుహ కాదు. ఇనుప చట్రం మీద గుడ్డ, సిమెంటు పూసి రాయిలా చేశారు. లోపల చిన్న చెరువు, అలల యంత్రం, రంగు గాజుపలకల వెనక విద్యుద్దీపాలు. దానికి కరెంటు ఇవ్వడానికి 24 డైనమోలు పెట్టారు, 1870ల్లో! అక్కడికి మాత్రం పది నిమిషాల ఎక్కుడు ఉంది. లోపల చల్లగా, తేమగా ఉంటుంది, పెద్దవాళ్లకు శాలువా పట్టుకెళ్లండి.

అడుగుబడ్డ_ఆది
ఒకే రోజులో నోయ్‌ష్వాన్‌స్టైన్, లిండర్‌హోఫ్ రెండూ? టూర్ బస్సులు వేస్తాయిగా.

లిండర్‌హోఫ్_లోయ
టూర్ బస్సువాళ్లు వేస్తారు, వాళ్లకు డ్రైవరున్నాడు. కారుంటే రోయిట్టె, ప్లాన్‌సే చెరువు మీదుగా దారి చాలా బాగుంటుంది. చలికాలంలో మంచు పేరుకుంటే మూసేస్తారు. రైళ్లు, బస్సులతో, పెద్దవాళ్లతో వద్దు.

పులిహోర_ప్యాకెట్
తిండి. ఊళ్లో హోటళ్లలో శాకాహారం అంటే ఎక్కువగా కేజె ష్పెట్స్‌లె, చీజుతో కలిపిన పిండి ముక్కలు. గుడ్డు ఉంటుంది. కైజర్‌ష్మారెన్ తీపి అట్టు ముక్కలు, అందులోనూ గుడ్డే. బ్రెడ్ ఉండలు క్నోడెల్‌లో గుడ్డుతో పాటు ఒక్కోసారి పంది మాంసం ముక్కలు కూడా. గుడ్డు తినని పెద్దవాళ్లకు మిగిలేది బ్రెట్సెల్, ఆలూ, సలాడ్. కాబట్టి పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లండి. ఆల్ప్‌సే చెరువు గట్టున బెంచీలున్నాయి, కింది కోట అక్కడి నుంచి దగ్గర. టాయిలెట్లకు 50 సెంట్ల నాణేలు కొన్ని జేబులో వేసుకోండి.

కాచిగూడ_కాలినడక
డిసెంబర్ల పోయేటోళ్లకు: మంచు పడితే పైకి బస్సు బందు, వంతెన గూడ మూసేస్తరు. గట్లనే పోయి ఫొటో దొరకలేదని బాధపడుతరు. బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు కొనుక్కొని పోవాలె, రోడ్డు గాజు లెక్క జారుతది. అక్టోబర్ 16 నుంచి మార్చి దాంక 10 నుంచి 4 వరకే కోట తెరుస్తరు, డిసెంబర్ 24, 25, 31, జనవరి 1 మూత. ఫోర్గెన్‌సే చెరువుల చలికాలం నీళ్లుండవు, లెక్ నది మీద కట్టిన రిజర్వాయర్ అది, ఖాళీ చేసి పెడతరు. జూన్ నుంచి నిండుగుంటది.

దుర్గం_దారి
కాళ్లలో సత్తా ఉన్నవాళ్లకు షాఖెన్ కూడా. 1,866 మీటర్ల ఎత్తున చెక్కతో కట్టిన ఇల్లు, కింద మామూలు గదులు, పైన టర్కీ సుల్తాను హాలు. ఎల్మౌ ఊరి నుంచి మూడు, మూడున్నర గంటల ఎక్కుడు. జూన్ నుంచి అక్టోబర్ మొదటి దాకే, రోజుకు కొద్ది టూర్లే, టికెట్ పైనే ఇస్తారు, చేతిలో నోట్లుండాలి. మధ్యాహ్నం ఉరుములు మొదలవకముందే దిగడం మొదలుపెట్టండి. గోదారిగట్టు గారి బృందానికి కాదులెండి.

గోదారిగట్టు
అందరికీ ధన్యవాదాలు. మార్చిన లెక్క:

మంగళవారం: నలుగురికీ డాయిచ్‌లాండ్ టికెట్, నేరు రైలు, 9:30 ప్రాంతంలో హోహెన్‌ష్వాంగౌ. 10:30కి కింది కోట, పాపతో నేనూ నాన్నా. అమ్మా, మా ఆవిడా చెరువు గట్టున. 11:45కి పులిహోర. 12:30కి బస్సు లైన్లో నేనూ, నాన్నా, పాప. అమ్మా, మా ఆవిడా గుర్రబ్బండిలో. వంతెన. 2:30కి పై కోట. అమ్మ ముంగిట్లో. దిగేటప్పుడు అందరం గుర్రబ్బండి. బుధవారం లిండర్‌హోఫ్.

నడుంనొప్పి_నిపుణుడు
బాగుంది. ఒక్క మార్పు: మీ ఆవిడ పై కోట లోపలికి వస్తే అమ్మగారు ముంగిట్లో ఒక్కరే గంటసేపు ఉండాలి. ఇద్దరి టికెట్లూ ఒకే సమయానికి కొనకండి. ఒకటి 2:30కి, ఇంకోటి 3:15 తర్వాత. ఒకరు బయటికి వచ్చాక ఇంకొకరు వెళ్లొచ్చు. బయటికి వచ్చే దారి వేరే, గేటు దగ్గరికి మళ్లీ తిరిగి ఎక్కి రావాలి, దానికి పది నిమిషాలు కలుపుకోండి. పైన ముంగిట్లో గాలి చల్లగా ఉంటుంది, జూన్‌లో కూడా స్వెటరు ఉండాలి.

మెట్లదారి
12:30 బస్సుకు 2:30 టికెట్ సరిగ్గా సరిపోతుంది. బస్సు లైను అరగంట, ప్రయాణం పది నిమిషాలు, వంతెన లైను అరగంట, దిగుడు పాప నడకతో 20 నిమిషాలు. మిగిలింది అరగంట. ఆ అరగంట మిగుల్చుకోండి, దుకాణాల్లో పోగొట్టుకోకండి.

గోదారిగట్టు
టికెట్లు తీసుకున్నాను. 2:30కి మూడు (నేను, నాన్న, పాప), 3:25కి ఒకటి. పాప పేరు కూడా వేశాను.